“నేను లేకపోతే మీకే నయం” అంటున్నారు మా ఆయన

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా ఆయన మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. పోయినేడు పంట పోయి అప్పు మిగిలింది. రెండో పాప పుట్టి అయిదు నెలలు. అప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు, పాపను ఎత్తుకోరు, ఊరికే అరుస్తారు, సాయంత్రానికి తాగొస్తారు. మొన్న “నేను లేకపోతే మీకే నయం” అన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే “నాకేమన్నా పిచ్చా?” అంటారు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని మా అత్తయ్య భయం. ఏం చేయను?

జవాబు: అమ్మా, ఆ మాట తాగి అన్నారని వదిలేయకండి. ముందు ఇంట్లో, చేలో ఉన్న పురుగుమందు, కలుపుమందు డబ్బాలన్నీ ఇవాళే తీయించి, నమ్మకమైన బంధువుల ఇంట్లో తాళం వేయించండి. చచ్చిపోవాలన్న ఆలోచన చాలామందిలో కాసేపు ఉధృతంగా ఉండి తగ్గుతుంది. ఆ కాసేపట్లో పురుగుమందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. కొన్నాళ్లు రాత్రిపూట ఒక్కరినే చేనుకు పంపకండి. తాగి లేనప్పుడు సూటిగా అడగండి, “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపలున్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, 108 పిలిపించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

పాప మీద ఆయనకు ప్రేమ లేదనుకోకండి. బిడ్డ పుట్టాక కుంగుబాటు తల్లులకే వస్తుందనుకుంటాం. తండ్రుల్లోనూ పదిమందిలో ఒకరికి వస్తుందని 2010లో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. మగవాళ్లలో అది ఏడుపుగా కాక కోపంగా, తాగుడుగా కనబడటం ఎక్కువ. ఇది పిచ్చి కాదు, నయమయ్యే జబ్బు. అత్తయ్యగారికీ ఈ మాటే చెప్పండి. పరువు కోసం దాచిపెడితే చివరికి కొడుక్కే ప్రమాదం.

ఆయన డాక్టర్ దగ్గరికి రానంటే అక్కడే ఆగిపోవద్దు. ఆయన ఎవరి మాట వింటారు? బావమరిదా, చిన్ననాటి స్నేహితుడా? ఆ మనిషిని పిలిచి జరిగింది చెప్పండి. పాప కోసం ఇంటికొచ్చే ఆశా కార్యకర్తతోనూ చెప్పండి. వీళ్లు డాక్టర్లు కాదు కదా అన్న అనుమానం అక్కర్లేదు. గోవాలో మానసిక వైద్యం చదవని స్థానికులకే శిక్షణనిచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లతో ఆరోగ్య కేంద్రాల్లో, ఇళ్లలో కొన్ని విడతలు మాట్లాడించారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో, మూడు నెలలకు తేరుకున్నవాళ్లు నూటికి 64 మంది. ఆ సాయం అందనివాళ్లలో 39 మందే. తాగుడుకూ అలాంటి పద్ధతే వాడారు, అదీ పనిచేసింది. మన పశ్చిమ గోదావరిలోనూ ఆశాలకు శిక్షణనిచ్చి, ఇలాంటి బాధలున్నవాళ్లను గుర్తించే పని చేయించారు.

గోవాలో చేయించిన దాంట్లో ముఖ్యమైనది, మనిషి మానేసిన చిన్న పనులను మళ్లీ మొదలుపెట్టించడం. “ధైర్యంగా ఉండు” అంటే ఎవరికీ ధైర్యం రాదు. మీరు వంట చేసేంతసేపు పాపను ఆయన ఒళ్లో పెట్టండి. పొద్దున్నే స్నేహితుడు వచ్చి చేను దాకా తోడు నడవాలి. ఇవి చేసినా రెండు వారాల్లో నిద్ర కుదరకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాల్సిందే.

అప్పు మాటలతో తీరదు, నిజమే. ఎవరికెంత, వడ్డీ ఎంతో ఇద్దరూ కలిసి కాగితం మీద రాయండి. ఆయన ఒక్కరే మోస్తున్న లెక్క అది. కౌలు రైతుకు బ్యాంకు పంట రుణానికి పనికొచ్చే కౌలు కార్డు లేకపోతే గ్రామ సచివాలయంలో అడగండి. భూమి యజమాని సంతకం దగ్గర చాలామంది ఆగిపోతారు, కాబట్టి పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్లండి.

ఇక మీ సంగతి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబర్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన ఒప్పుకునే దాకా ఆగకుండా ముందు మీరే ఫోన్ చేయండి. ఆయన గురించి చెప్పాక మీకు నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా అన్నదీ చెప్పండి. మీరూ బాలింతే కదా. ఆయన చేయి చేసుకుంటున్నా మీరు రాయలేదేమో. అలాగైతే మహిళల సహాయ నంబర్ 181కి ఫోన్ చేయండి.