అమ్మా, బడి ఎప్పుడు తెరుస్తారు?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 33. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఉదయం తొమ్మిదికి వెళితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగు. అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లలకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. లెక్కపెట్టుకున్నాను, 49 రోజులు. ఉదయం ఎలాగో గడుస్తుంది గానీ పన్నెండు దాటిందంటే ఇల్లు ఇల్లులా ఉండదు. ఫోను ఇవ్వకపోతే ఇద్దరూ కొట్టుకుంటారు. ఇస్తే మూడు గంటలైనా తలెత్తరు. మొన్న నేను ముఖ్యమైన మీటింగులో ఉండగా కూలర్ తొట్టిలో కాగితం పడవలు వేసి, మగ్గులతో నీళ్లు తోడి హాలంతా మడుగు చేశారు. హెడ్‌ఫోన్లు కూడా తీయకుండా పరుగెత్తి జారిపడ్డాను. లేస్తూనే బాబు చెంప మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. వాడు ఏడవలేదు. రాత్రి పడుకోబోతూ, "అమ్మా, బడి ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాడు. "మేము నలుగురిని పెంచాం, ఇంత గోల ఎరుగం" అంటారు అత్తగారు. "సమ్మర్ క్యాంపులో చేర్పించు" అంటారు మావారు. తెనాలి దగ్గర మా పుట్టింటికి పంపుదామంటే అక్కడ కాలువ ఉందని అత్తగారు వద్దంటారు. వీళ్లు లేకపోతే ఎంత హాయిగా ఉండేదో అని ఒకరోజు అనిపించింది. అలా అనుకున్నందుకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను మంచి తల్లిని కానా?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ముందుగా భయపెట్టింది చెంపదెబ్బ కాదమ్మా, కూలర్. తిరుగుతున్న కూలర్, నేల మీద నీళ్లు, తడి కాళ్లతో ఇద్దరు పిల్లలు. పైగా ఆ నీళ్లలోనే మీరు జారిపడ్డారు. ప్రతి ఎండాకాలం కూలర్ షాకు కొట్టిన వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. మిగతా సలహాలన్నీ తర్వాత. రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు చూపించండి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసేయాలన్నది ఇంట్లో అందరికీ చెప్పండి, పెద్దవాళ్లతో సహా. వీలైతే కూలర్‌ను కిటికీ బయటి వైపుకు మార్చండి, తొట్టి పిల్లల చేతికి అందకుండా ఉంటుంది. పడవల ఆటను మాత్రం ఆపకండి. ఉదయం పదింటికి బాల్కనీలో ఒక వెడల్పాటి టబ్బు, అందులో బెత్తెడు నీళ్లు, పక్కన ఎవరో ఒక పెద్ద మనిషి. ఆట అయ్యాక ఆ నీళ్లు మొక్కలకు పోయించండి. బకెట్టెడు నీళ్లతో గంటసేపు గడిచిపోతుంది. ఎండాకాలంలో అంతకంటే చవకైన వినోదం నాకు తెలియదు.

ఇక ఆ దెబ్బ సంగతి. ఎనిమిదేళ్ల పిల్లవాడు దెబ్బ తిని ఏడవకపోవడం, రాత్రి బడి గురించి అడగడం చూస్తే, వాడు ఆ పూటంతా మనసులో ఏదో లెక్క వేసుకుంటూనే ఉన్నాడనిపిస్తుంది. బడి తెరిస్తే అమ్మకు కోపం రాదు అన్నది ఒక లెక్క కావచ్చు. నేను ఇంట్లో లేకపోతేనే అమ్మకు బాగుంటుంది అన్నది మరో లెక్క కావచ్చు. ఏదో మనకు తెలియదు, వాడిని అడిగితేనే తెలుస్తుంది. కాబట్టి ఈ రాత్రి వాడి పక్కన పడుకుని, "మొన్న నిన్ను కొట్టాను. తప్పు నాది. నొప్పి పుట్టిందా?" అనండి. అక్కడితో ఆగండి. "నువ్వు కూడా అలా చేయకూడదు కదా" అన్న తోక తగిలించవద్దు. తోక తగిలించిన క్షమాపణ పిల్లల చెవికి మళ్లీ తిట్టులాగే వినిపిస్తుంది. నీళ్లు ఒలకబోయడం గురించి మర్నాడు పగలు, వేరే మాటగా చెప్పుకోవచ్చు. చాలామంది తల్లిదండ్రులు పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే అలుసైపోతామని భయపడతారు. నా అనుభవంలో అలా అలుసైన అమ్మ ఒక్కరూ కనబడలేదు. కొట్టి ఊరుకుని, మర్నాడు చాక్లెట్టు కొనిచ్చి సరిపెట్టే తల్లిదండ్రులే పిల్లలకు అర్థం కారు.

మీరు రాసినవన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అత్తగారు ఒక మాట అన్నారు, మీవారు ఒక సలహా ఇచ్చారు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఉన్న నాలుగు గంటల్లో ఒక్క గంటనైనా మాత్రం ఎవరూ తీసుకోలేదు. మీరూ అడిగినట్టు లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఈ చిక్కు ఒకటుంది: అందరి కంటికీ వాళ్లు ఇంట్లోనే ఉంటారు. మీవారు బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఉండగా పాప వెళ్లి చొక్కా పట్టుకుని లాగదు. మీరు లాగబడుతూనే ఉంటారు. ఆ నాలుగు గంటలను ముక్కలు చేసి పంచితే తప్ప ఈ సెలవులు గడవవు. మంచి తల్లి, చెడ్డ తల్లి అన్న విచారణ కంటే ముందు ఈ పంపకం జరగాలి.

మీవారితోనే మొదలుపెడదాం. మధ్యాహ్నం ఆయన ఇంట్లో ఉండలేరు, నిజమే. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటారు కదా. ఎండ ముదరని ఆ రెండు గంటలు పిల్లలు ఆయనవి. మైదానమో, డాబా మీద బంతో, పక్క వీధి దాకా సైకిలో. తిరిగి వచ్చాక స్నానాలు, టిఫిన్ కూడా ఆయన చేతి మీదుగానే జరగాలి. నాలుగేళ్ల పిల్లలు రోజుకు మొత్తం మీద మూడు గంటలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఎండల్లో ఆ మూడు గంటలు పొద్దున్నే మొదలుకావాలి, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత. పొద్దున ఒళ్లు అలిసిన పాప ఒంటిగంటకు పెరుగన్నం తిని తనంతట తానే వాలిపోతుంది. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కూడా ఉంది. ఆ రోజుల్లో, ఆదివారాల్లో ఒక పూట మీరు గది తలుపు వేసుకుని నిద్రపోండి. ఆ పూట వంట ఏమైందో అడగకండి. క్యాంపు సంగతి కూడా ఆయనకే వదిలేయండి. బాబు తనంతట తాను ఈతో చదరంగమో నేర్చుకుంటానని అడిగితే, దింపి తెచ్చే పని ఆయన పెట్టుకుంటే, పంపవచ్చు. రెండు గంటల క్యాంపు కోసం ఎండలో మీరు నాలుగుసార్లు బండి మీద తిరిగేటట్టయితే అది మీకు మరో ఉద్యోగం.

అత్తగారి మాట మీకు గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. "నలుగురిని పెంచాం" అన్న మాటలో "పెంచాను" అని లేదు, గమనించారా? "పెంచాం" అన్నారు. అంటే అప్పుడు ఆ ఇంట్లో ఇంకా మనుషులున్నారు. వసారా ఉంది, పక్కింటి అరుగు ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు మాత్రం లేవు. ఈ తేడాను వాదించి గెలవనక్కరలేదు గానీ, ఆమె దగ్గర ఒక విద్య ఉంది. ఏసీలు లేని రోజుల్లో రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలకు నలుగురు పిల్లలను మధ్యాహ్నం ఇంట్లో పట్టి ఉంచడం చిన్న విద్య కాదు. నేల తడిగుడ్డతో తుడిచి, కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టి, చీకటి చేసిన గదిలో అందరినీ చాపల మీద వరసగా పడుకోబెట్టేవారు. నిద్ర రాకపోయినా లేవకూడదు. కథ వినాలి, లేదా పైకప్పు చూస్తూ పడుకోవాలి. "మీరు అప్పట్లో మధ్యాహ్నం పిల్లలను ఎలా పడుకోబెట్టేవారు అత్తయ్యా?" అని నిజంగా తెలుసుకోవాలని అడగండి. తర్వాత, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆ బాధ్యత తీసుకోమని కోరండి. సరిగ్గా రెండున్నర దాకానే. "కాస్త చూస్తూ ఉండండి" అన్న మాటకు మొదలూ తుదీ ఉండవు. ఆమె నిద్ర చెడుతుంది, మీ మీటింగూ చెడుతుంది, రాత్రికి ఇద్దరి ముఖాలూ ముడుచుకుంటాయి. మీరు ఆమె వయసు, ఆరోగ్యం గురించి ఏమీ రాయలేదు. గంటన్నర ఎక్కువైతే ముప్పావుగంట అడగండి. ఎంత ఇచ్చినా అది లెక్కే.

రెండున్నర నుంచి నాలుగు దాకా మిగిలిన సమయానికే ఫోను ప్రశ్న వస్తుంది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచన ప్రకారం రెండు నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు ఫోను, టీవీ అన్నీ కలిపి రోజుకు గంటకు మించకూడదు, అయిదు నుంచి పదేళ్లవాళ్లకు రెండు గంటలలోపు. మీరు మూడు గంటలు ఇస్తున్నారని దెప్పడానికి ఇది చెప్పడం లేదు. ఇప్పుడు మీ ఇంట్లో ఫోను ఏడుపు తర్వాత వస్తోంది. కొట్లాట పెరిగి, అమ్మ అలిసిపోయి, "ఇదిగో తీసుకోండి" అన్నాక వస్తోంది. ఎంత గోల చేస్తే ఫోను వస్తుందో వాళ్లకు బాగా లెక్క తెలిసిపోయింది. గోల మొదలుకాకముందే, గడియారం చూసి ఇవ్వండి. మీ అతి ముఖ్యమైన మీటింగు ఏ వేళకు ఉంటుందో ఆ వేళకే పెట్టండి. చేతిలో ఫోను కంటే హాల్లో టీవీ నయం: ఇద్దరూ ఒకటే చూస్తారు, ఏం చూస్తున్నారో మీకూ వినబడుతుంది. పాపకు నిమిషాలు తెలియవు కాబట్టి "రెండు బొమ్మలు" అని చెప్పండి, రెండు కార్యక్రమాలయ్యాక రిమోట్ బాబు చేతికిచ్చి వాడితోనే కట్టించండి. మొదటి మూడు రోజులు ఏడుస్తారు. నాలుగో రోజు కొంచెం తక్కువ ఏడుస్తారు.

మీ గది తలుపు గొళ్లేనికి ఒక ఎర్ర చున్నీ కట్టండి. అది ఉన్నంతసేపు లోపలికి రాకూడదు, నెత్తురు వచ్చినా, పొగ వచ్చినా తప్ప. (ఈ మినహాయింపులు స్పష్టంగా చెప్పండి, లేకపోతే పాప నిజంగానే దెబ్బ తగిలినా బయటే నిలబడుతుంది.) చున్నీ విప్పిన వెంటనే పది నిమిషాలు వాళ్లతో కూర్చోండి. ఆ పది నిమిషాలు ఎగ్గొడితే మర్నాటికి చున్నీకి విలువ ఉండదు.

"ఏమీ తోచడం లేదమ్మా" అంటూ రోజుకు ఇరవైసార్లు వస్తారు. ప్రతిసారీ మీరు జవాబు వెతకవద్దు. చింతపండు కొట్టినప్పుడు తీసిన పిక్కలు నాలుగు ఇచ్చి, డాబా మెట్ల సిమెంటు మీద ఒక వైపు తెల్లగా వచ్చేదాకా అరగదీయమనండి. వేళ్లు ఎర్రబడతాయి, గంట పడుతుంది, మధ్యలో ఒక పిక్క జారి ఎక్కడికో పోతుంది, దాన్ని వెతకడానికి మరో పావుగంట. తర్వాత సుద్దముక్కతో అయిదు గళ్లు ఇటు, అయిదు గళ్లు అటు గీస్తే అష్టాచెమ్మా బల్ల తయారు. నాలుగు పిక్కలూ తెలుపు పడితే చెమ్మా, నాలుగూ నలుపు పడితే అష్టా. పాపకు గళ్లు అర్థం కాకపోయినా పిక్కలు విసరడానికి ఒప్పుకుంటుంది. అన్న మోసం చేస్తున్నాడని అరుపులు వినబడితే వినబడనివ్వండి. ఆ తగవు తీర్చడానికి చున్నీ విప్పనక్కరలేదు.

తెనాలి విషయంలో మీ అత్తగారి పక్షమే నేను. కాలువలు, చెరువులు, బావులు ప్రతి వేసవిలో పిల్లలను మింగుతూనే ఉన్నాయి. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లిన పిల్లలూ వాళ్లలో ఉంటారు. పాపను మీరు లేకుండా పంపకండి. ల్యాప్‌టాప్ మీతో వస్తుంది కాబట్టి ఒక వారం ముగ్గురూ వెళ్లవచ్చు. కాలువ వైపు వెళితే పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. "పెద్ద పిల్లలు చూసుకుంటారు" అన్న ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. వెళ్లేముందు ఒక సంగతి ఆలోచించండి. కాలువ భయం నిజమే గానీ, దాని వెనక, ఈ వారమంతా ఇల్లు బోసిపోతుంది అన్న మాట కూడా ఉండి ఉండవచ్చు. మనవలు అటు వెళుతుంటే ఏ నానమ్మా ఆ మాట నోరు తెరిచి అనదు. "రాత్రి ఎనిమిదింటికి రోజూ వీడియో కాల్ చేయిస్తాను అత్తయ్యా" అని మీరే అనేయండి.

వీళ్లు లేకపోతే హాయిగా ఉండేదన్న ఆలోచన గురించి అంత విచారణ అక్కరలేదు. నీళ్లలో జారిపడ్డ మనిషికి, నిద్ర చాలని మనిషికి వచ్చే ఆలోచన అది. నిశ్శబ్దం కావాలని కోరుకున్నారు, అంతే. ఒక్కటి మాత్రం గమనించుకోండి: రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, మీకు గానీ పిల్లలకు గానీ హాని చేయాలన్న తలపు వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ ఉత్తరం నాకు అందేసరికి సెలవుల్లో సగం అయిపోయాయి. మామిడిపళ్లు మాత్రం దండిగా ఉన్నాయి. నాలుగు రసాలు పిండి, పీచు వడగట్టి, కాస్త బెల్లం కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పలుచగా పోయమని మీ అత్తగారికి చెప్పండి. పైన పాత నూలు పంచె ముక్క కప్పి డాబా మీద పెట్టడం, ఎండ ముదిరేదాకా కాకులను తోలడం బాబు పని. రోజుకొక పొర. ఎండిందో లేదో వేలితో నొక్కి చూసేది పాప. వారం పది రోజులకు తాండ్ర తయారవుతుంది. ఈలోగా వాడు మళ్లీ బడి ఎప్పుడని అడిగితే జూన్ 12 అని చెప్పండి. ఆ రోజు టిఫిన్ డబ్బాలో ఒక ముక్క వాడికి, ఒక ముక్క వాడి పక్కన కూర్చునే పిల్లవాడికి పెట్టి పంపండి.