పంపు వాడుతున్నా ఆయాసం ఎందుకు తగ్గడం లేదు?

ఆస్తమా, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై, ఊపిరితిత్తులు దెబ్బతిని గాలి సరిగా ఆడని జబ్బు) వంటి దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి, ప్రభుత్వాసుపత్రి ఛాతీ వ్యాధుల వార్డులో చాలాకాలం పనిచేసిన సీనియర్ నర్సు ఇస్తున్న సమాధానాలు ఇవి.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మా అమ్మ వయస్సు 62 ఏళ్లు. బీడీ, చుట్ట ఎరుగదు కానీ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. సీఓపీడీ అని చెప్పి ఏడాదిన్నర కిందట పొడి మందు పీల్చే రోటాహేలర్ ఇచ్చారు. రోజూ వాడుతున్నా నాలుగు మెట్లు ఎక్కితే రొప్పుతోంది. పంపు మొదలుపెడితే అలవాటైపోతుందని, అది మాన్పించి మాత్రలు వాడమని ఇరుగుపొరుగు వారు చెబుతున్నారు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మందు మార్పించే ముందు, మీ అమ్మగారు దాన్ని ఎలా పీలుస్తున్నారో ఒకసారి మీ కళ్లతో చూడండి. వాడుతున్నారా అని అడిగితే వాడుతున్నాననే చెబుతారు. చేసి చూపించమంటే తప్ప అసలు సంగతి బయటపడదు. మా వార్డులో ఒక పెద్దాయన ఆయాసంతో మూడోసారి చేరినప్పుడు, ఇంట్లో ఎలా వాడేవారో నా ఎదుట చేసి చూపించమన్నాను. ఆయన డబ్బాలోంచి గొట్టం మాత్ర తీసి, నాలుక మీద వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగారు. ఆరు నెలలుగా అదే పద్ధతి. రోటాహేలర్ మాత్రం అట్టపెట్టెలో కొత్తదిలాగే ఉంది. అందులో ఆయన తప్పు నాకేమీ కనిపించలేదు, ఎందుకంటే చీటీలో ‘ఉదయం 1, రాత్రి 1’ అని తప్ప ఇంకేమీ రాసి లేదు.

మింగకుండా పీల్చేవారిలోనూ సగం మందు వృథా చేసుకునేవారు తరచుగా కనిపిస్తారు. రోటాహేలర్‌లో ఉండేది పొడి మందు కాబట్టి, దాన్ని ఊపిరితిత్తుల దాకా లాక్కెళ్లే బలం పీల్చే మనిషి శ్వాసలోనే ఉండాలి. గొట్టం మాత్రను అమర్చి, తిప్పి, ముఖం పక్కకు తిప్పుకుని ఊపిరి పూర్తిగా బయటకు వదలాలి. పరికరంలోకి ఊదితే నోటి తడికి పొడి ముద్దకడుతుంది. ఆ తర్వాత పెదవులు గట్టిగా మూసి, ఒక్క ఊపున వేగంగా, లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. తెరిచి చూస్తే ఇంకా పొడి మిగిలి ఉంటే మరోసారి పీల్చాలి. పరికరాన్ని కడిగినప్పుడు పూర్తిగా ఆరిన తర్వాతే వాడాలి.

నొక్కితే మందు చిమ్మే పంపుకు పద్ధతి దీనికి దాదాపు తలకిందులు. దాన్ని బాగా కుదిపి, నొక్కుతూనే నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా పీల్చాలి. రెండూ వాడే ఇంట్లో ఒకదాని పద్ధతి రెండోదానికి అంటుకోవడం మామూలే. అరవై దాటినవారిలో కొందరికి పొడి మందును లాగేంత ఊపిరి ఉండదు. మీ అమ్మగారి విషయంలో అదే కారణమని తేలితే, మందు అదే రకంగా ఉంచి పంపు, స్పేసర్ (పంపుకు తగిలించి, చిమ్మిన మందును నిలిపి తీరికగా పీల్చనిచ్చే డబ్బా) రూపంలోకి మార్చగలరేమో డాక్టరుగారిని అడగండి.

అలవాటు మాటకు వస్తే, పంపులు వ్యసనంగా మారే మందులు కావు. జబ్బు దీర్ఘకాలం ఉంటుంది కాబట్టి మందూ దీర్ఘకాలం అవసరమవుతుంది. బీపీ మాత్రను ఎవరూ వ్యసనం అనరు కదా. నోటి మాత్రలే మేలన్న సలహాకు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ పంపును ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రగా మింగితే, నలభై సార్లు నొక్కినంత మందు ఒళ్లంతా తిరిగి వస్తుంది. మాత్ర వేసుకున్నాక చేతులు వణకడం, గుండె దడదడలాడడం అందుకే ఎక్కువ.

ఇంకొక మాట అడగక తప్పదు. వంట గ్యాసు మీదికి మారినా, స్నానాల నీళ్లు ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయా? ఉజ్వల సిలిండర్ ఉన్న ఇళ్లలో కూడా పెరట్లో నీళ్ల పొయ్యి పొగ మానలేదని రోగులతో మాట్లాడుతుంటే తెలుస్తుంది. సీఓపీడీలో ఇప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తిని పూర్తిగా మునుపటిలా చేసే మందు లేదు. ఇకముందు దెబ్బ తగలకుండా చూడటం మన చేతిలో ఉంది.

మెట్లెక్కేటప్పుడు ముక్కుతో రెండంకెలు పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదవులు సున్నా చుట్టి నాలుగంకెలు వదలడం నేర్పండి. అడుగు పైకి వేసేటప్పుడే ఊపిరి వదలాలి. ఆయాసం హెచ్చితే కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుట బల్ల మీద దిండు పెట్టి, మోచేతులు దాని మీద ఆనించి ముందుకు వాలనివ్వండి. విసనకర్రతో ముఖానికి నేరుగా గాలి తగలనిస్తే కొంత ఉపశమనం కలుగుతుంది. ఇది ముసలివారి మాట మాత్రమే కాదు, బాధను తగ్గించే పాలియేటివ్ వైద్యంలోనూ చెప్పే పద్ధతే. కఫం పచ్చబడినా, రోజూ వచ్చేదానికంటే ఎక్కువైనా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా వారం ఆగకుండా చూపించండి. ఏడాదికోసారి ఫ్లూ టీకా, డాక్టరు సూచించిన న్యుమోనియా టీకా వేయించడం మరవకండి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. చలికాలంలో, కొత్త పంట దుమ్ము రేగినప్పుడు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తాయి. డాక్టరుగారు రోజూ స్టెరాయిడ్ పంపు వాడమన్నారు. బాగున్న రోజుల్లో కూడా మందు ఎందుకు? మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్‌తో పది నిమిషాల్లో తేరుకుంటాడు. ఈసారి మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్లి చేపమందు వేయించాలని మా నాయన అంటున్నాడు. — ఒక తండ్రి, వరంగల్ జిల్లా

జవాబు: పిల్లికూతలు వినిపించని రోజున కూడా ఆస్తమా ఉన్న పిల్లవాడి శ్వాసనాళాల లోపలి పొర వాచి, సున్నితంగానే ఉంటుంది. సాల్బుటమాల్ వంటి ఉపశమనం పంపు ఆ నాళాలను కొన్ని గంటలపాటు తెరుస్తుందే గాని వాపు తీయదు; వాపు తీసేది రోజూ వాడే స్టెరాయిడ్ పంపు. సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఆస్తమాను నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి, ఎందుకంటే దాని మీదే ఆధారపడినవారికి ప్రమాదకరమైన దాడులు వచ్చే అవకాశం ఎక్కువ.

స్టెరాయిడ్ అన్న మాటకు భయపడడం సహజమే. తక్కువ మోతాదు పంపు వల్ల మొదటి ఒకటి రెండేళ్లలో ఎత్తు ఒక సెంటీమీటరు మేర తగ్గవచ్చు. ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. అయితే అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది, నిద్రను, బడిని దెబ్బతీయడం అటుంచి. మీరు నిజంగా భయపడవలసింది ఆ పది నిమిషాల ఇంజెక్షన్‌కు. అందులో ఏ మందు ఉందో మీకు తెలియదు. చాలాచోట్ల అది శ్వాసనాళాలను తెరిచే డెరిఫిలిన్, దానితో కలిపి స్టెరాయిడ్. మొదటిది కొంచెం ఎక్కువైనా గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. రెండోది పదేపదే పడితే పంపు ద్వారా నెలల తరబడి వెళ్లేదానికంటే ఎక్కువ స్టెరాయిడ్ ఒంట్లోకి చేరుతుంది.

చేపమందు విషయంలో మీ ఇంటి నమ్మకాన్ని నేను ప్రశ్నించను. కొర్రమీను పిల్ల నోట్లో పసుపు ముద్ద పెట్టి మింగించే ఆ పద్ధతిని 1845 నుంచి కొనసాగిస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది; ఆస్తమాను నయం చేస్తుందనడానికి వైద్యశాస్త్రపరమైన రుజువు మాత్రం లేదు. వెళ్లదలచుకుంటే రెండు మాటలు వినండి. ఆ తర్వాత పాటించే పథ్యం పేరుతో పంపు మానిపించకండి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గంటల తరబడి దుమ్ములో, రద్దీలో నిలబడవలసి ఉంటుంది కాబట్టి ఉపశమనం పంపు, స్పేసర్ మీ సంచిలో కాక మీ చేతిలో ఉంచుకోండి.

దాడి వచ్చినప్పుడు చేయవలసింది ఇంట్లో అందరికీ, బడిలో టీచరుకూ తెలిసి ఉండాలి. బాబును నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. స్పేసర్‌లోకి ఒకసారి నొక్కి, మామూలుగా నాలుగైదు శ్వాసలు తీసుకోనిచ్చి, ఇలా ఒక్కొక్కటిగా నాలుగు సార్లు ఇవ్వండి. నాలుగు నిమిషాల్లో తేడా లేకపోతే మరో నాలుగు ఇచ్చి 108కి ఫోన్ చేయండి, వారు వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండండి. వాక్యం పూర్తి చేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే అసలు ఆగవద్దు. పిల్లికూతలు ఉన్నట్టుండి మాయమై పిల్లవాడు మగతగా ఉంటే తగ్గిందని సంతోషించకండి. గాలి ఆడడమే తగ్గిందని దాని అర్థం, అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే.

బడిలో ఉంచిన పంపును హెడ్మాస్టరు గది బీరువాలో తాళం వేసి దాచడం నేను చూశాను. ఆట మైదానం నుంచి ఆ బీరువాకు ఎంత దూరమో ఒకసారి నడిచి చూడమని చెప్పండి.

ప్రశ్న: మా అత్తగారికి సీఓపీడీ. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ అందించే యంత్రం) పెట్టాము. నిమిషానికి 2 లీటర్ల మీద ఉంచమన్నారు. రాత్రి ఆయాసం ఎక్కువైనప్పుడు 5కు పెంచవచ్చా? ఆవిడ పూజ మానరు, దీపం దగ్గర భయంగా ఉంది. — ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: డాక్టరు చెప్పకుండా పెంచవద్దు. సీఓపీడీలో కొందరికి ఆక్సిజన్ మితిమీరితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. అందుకే వారికి సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 88 నుంచి 92 మధ్య ఉంచుతాము, 99 చూపించడం గొప్ప కాదు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, మాట తడబాటు, చేతుల వణుకు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా తప్పు చూపుతుంది. రంగు తీసి, వేలు రుద్ది, అంకె నిలకడగా ఉన్నాక చదవండి. ఇంట్లో దీర్ఘకాలం వాడమని రాస్తే రోజుకు కనీసం 15 గంటలు వాడినప్పుడే దాని ఫలితం దక్కుతుంది, ఆయాసం వచ్చినప్పుడు కాసేపు పెట్టుకుని తీసేస్తే కాదు.

దీపం, హారతి, అగరుబత్తి, గ్యాసు పొయ్యి, ఎవరైనా కాల్చే బీడీ, వీటన్నిటికీ కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. దీపం వెలిగించడం మీరు చేసి, ఆవిడను ఎడంగా కుర్చీలో కూర్చోబెట్టి నామం చదువుకోనివ్వండి. గొట్టం ముక్కు నుంచి తీసినప్పుడు యంత్రం కట్టేయండి. నడుస్తున్న గొట్టాన్ని పరుపు మీద వదిలేస్తే బట్టలో ఆక్సిజన్ నిండి, చిన్న నిప్పురవ్వకు భగ్గుమంటుంది. ముక్కు ఎండిపోతోందని వాజలిన్, కొబ్బరినూనె రాయకండి, నీటితో చేసిన జెల్ అడగండి. తేమ సీసాలో కాచి చల్లార్చిన నీటిని రోజూ మార్చండి. రోజూ సాయంత్రం ఆవిడ చెవుల వెనుక వేలితో తడిమి చూడండి. గొట్టం ఒరిసి ఎర్రబడిన చోట కాస్త దూది చుడితే పుండు పడదు. కరెంటు పోయినప్పటికి ఒక సిలిండరు సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు మూడో సంవత్సరం విద్యార్థినిని. డిశ్చార్జి రోజు ఎంత చెప్పినా రోగులు ‘సరే సిస్టర్’ అని తలూపుతారు, మళ్లీ అదే తప్పుతో వస్తారు. ఎలా నేర్పాలి? — నెల్లూరు

జవాబు: అమ్మా, మీరు తక్కువ మాట్లాడి, పంపు వారి చేతికిచ్చి నిలబడి చూడండి. తప్పు కనిపించిన వెంటనే అడ్డుపడకుండా పూర్తిగా చేయనివ్వండి. నాలుగు తప్పులుంటే అన్నీ ఒకేసారి దిద్దకుండా, మందు లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతున్న తప్పును ముందు పట్టుకోండి. డిశ్చార్జి రోజు దాకా ఆగవద్దు. చేరిన మర్నాటి నుంచి ప్రతి మోతాదూ వారి చేతే తీయించి పీల్పిస్తే, ఇంటికెళ్లేలోపు పదిసార్లయినా మీ కళ్లెదుట చేసి ఉంటారు. ఇంట్లో పంపు అందించే మనిషి ఎవరో కనుక్కుని వారినీ పక్కన నిలబెట్టండి.

పది సెకన్లు అంటే చాలామందికి లెక్క తెలియదు. జపం చేసే పెద్దమ్మగారికి మనసులో పదిసార్లు నారాయణ అనుకోమంటాను, బడిపిల్లవాడికి వేళ్లు ముడిచి చూపిస్తాను. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది; అది మరచిపోకుండా పంపును పళ్లు తోముకునే బ్రష్ పక్కనే పెట్టమని, పీల్చాకే పళ్లు తోముకోమని చెప్పండి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి నీడన ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తుకు మందు గోడలకే అంటుకుంటుంది.

ఇక పంపు అయిపోయిందో లేదో ఊపి చూసి చెప్పలేము, మందు అయిపోయాక కూడా లోపలి వాయువు చిమ్ముతూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలిందా అని చూడటమూ నమ్మదగిన పద్ధతి కాదు. మిగిలిన మోతాదులు చూపే మీటరు లేని 200 మోతాదుల పంపును ఉదయం రెండు, రాత్రి రెండు చొప్పున వాడితే 50 రోజులకు అయిపోతుంది. ఆ తేదీని లెక్కగట్టి, స్కెచ్ పెన్నుతో పంపు మీదే రాసి ఇచ్చి పంపండి.