ప్రపంచ చరిత్ర పాఠం చెప్పబోయే శ్రావణికి

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. డిగ్రీ పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పే పని నీ మీద పడిందనీ, ఐదువేల ఏళ్ల సంగతిని ఒక్క సెమిస్టరులో ఎలా సర్దాలో తోచడం లేదనీ రాశావు. ఉద్యోగంలో చేరిన ఏడాది నేను దేశానికో వారం చొప్పున పంచుకుని, సంక్రాంతి సెలవుల నాటికి రోము కూడా దాటలేకపోయాను. నువ్వు ఆ దారి పట్టకు.

ముందుగా కాల విభజన సంగతి. ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలన్న పద్ధతి 17వ శతాబ్దం చివర సెల్లారియస్ అనే జర్మన్ పండితుడి పాఠ్యగ్రంథాలతో స్థిరపడింది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలం నుంచి 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యేవరకు ఆయన మధ్యయుగం అన్నాడు. అది ఐరోపా కొలతలకు కుట్టిన చొక్కా. 11వ శతాబ్దంలోనే కాగితపు డబ్బు, అచ్చు పుస్తకాలు, పరీక్ష రాసి సంపాదించే ఉద్యోగాలు ఉన్న సాంగ్ వంశపు చైనాకు దాన్ని తొడిగితే ఎక్కడికక్కడ పిగిలిపోతుంది. భారతదేశంలో అడుగైనా పెట్టని బ్రిటిష్ రచయిత జేమ్స్ మిల్ 1817లో మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ కాలాలుగా విడగొట్టిన తీరూ ఇలాంటిదే. గడులు లేకుండా పాఠం నడవదు గనుక వాడుకో, అయితే వాటిని ఎవరు గీశారో పిల్లలకు చెప్పి వాడు.

ఆ తరువాత ఒక ప్రశ్నను పట్టుకుని, అది ఎంత దూరం తీసుకుపోతే అంత దూరం వెళ్లు. నేను ఏటా వెండితో మొదలుపెట్టేవాడిని. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొటోసి కొండలో స్పెయిన్‌వారికి వెండి దొరికింది. సముద్రమట్టానికి నాలుగువేల మీటర్ల ఎత్తున, చుట్టుపక్కల ఆదివాసుల చేత వంతులవారీగా వెట్టి చేయించి దాన్ని తవ్వించారు. 1571లో స్పెయిన్‌వారు మనీలాను తమ కేంద్రం చేసుకున్నాక, అమెరికా వెండి మెక్సికోలోని అకాపుల్కో రేవు నుంచి పసిఫిక్ మీదుగా అక్కడికి చేరి, పట్టుకు బదులుగా చైనాకు వెళ్లేది. అప్పుడు చైనాను ఏలుతున్న మింగ్ వంశపు ప్రభుత్వం పన్నులను వెండిలో వసూలు చేయసాగడంతో అక్కడ దాని విలువ ఐరోపాలోకంటే చాలా ఎక్కువ. అదే వెండితో డచ్చివారు మన మచిలీపట్నంలో బట్టలు కొని, ఆ బట్టలిచ్చి ఇండోనేసియా దీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు. ఈ ఒక్క లోహం వెంట నడిస్తే నాలుగు ఖండాలు వాటంతట అవే పాఠంలోకి వస్తాయి. అంకెలు చెప్పేటప్పుడు మాత్రం, ప్రభుత్వ లెక్కల్లోకి దొంగరవాణా ఎక్కదనీ, గనిలో దిగినవాడి మాట దస్తావేజుల్లో అరుదనీ గుర్తుచేయి.

పోల్చవలసి వస్తే సరిజోడులను పోల్చు. ఇంగ్లండు పక్కన చైనా మొత్తాన్ని నిలబెట్టడం సరికాదని, 2000లో వెలువడిన తన గ్రంథంలో అమెరికా చరిత్రకారుడు కెనెత్ పోమెరాంజ్ యాంగ్జీ నది దిగువ ప్రాంతాన్ని ఎంచుకున్నాడు; 18వ శతాబ్దం దాకా ఆ రెండు చోట్ల జీవనస్థాయిలో పెద్ద తేడా లేదనీ, ఆపైన బొగ్గు, అమెరికా భూములు ఇంగ్లండును ముందుకు తోశాయనీ ఆయన వాదన. దాన్ని కాదన్నవారు చాలామంది ఉన్నారు, నాకూ కొన్ని అనుమానాలున్నాయి. అయినా పోలికకు ఆయన ఎంచుకున్న కొలత నీకు పనికొస్తుంది.

గోడపటం కొనేటప్పుడు పసిఫిక్ మధ్యలో ఉన్నది చూసుకో. మామూలు పటంలో అకాపుల్కో, మనీలా చెరో అంచున పడి, ఓడలు నడిచిన దారి పిల్లలకు కనబడదు. నా పాత పటం అటక మీదే ఉంది, ఈసారి వచ్చినప్పుడు తీసుకువెళ్లు.

ఇట్లు,
పెదనాన్న