మీ ప్రశ్న – మా జవాబు: డీఎన్‌ఏలో జతల లెక్క

ప్రశ్న: డీఎన్‌ఏలో సైటోసిన్ 18 శాతం ఉంటే అడినిన్ ఎంత? మిగిలిన 82ని మూడు భాగాలు చేసి 27.3 అని పెట్టాను, తప్పన్నారు. అందులో 1000 క్షార జతలుంటే హైడ్రోజన్ బంధాలెన్నో కూడా తేలలేదు.
– ఇంటర్ బైపీసీ విద్యార్థిని, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మూడు భాగాలు చేయడంలోనే లెక్క చెడిందమ్మా. డీఎన్‌ఏలో అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అని నాలుగు క్షారాలు; రెండు పోచల్లో ఎదురెదురుగా జతకడతాయి. సైటోసిన్‌కి ఎదురుగా కూర్చునేది గ్వానిన్ ఒక్కటే. సైటోసిన్ 18 అనగానే పక్కనే గ్వానిన్ 18 అని రాసేయండి. రెండూ కలిపి 36. మిగిలిన 64ని అడినిన్, థైమిన్ చెరిసగం పంచుకుంటాయి, అంటే అడినిన్ 32. టైం చాలకపోతే 50లోంచి 18 తీసేసినా అదే వస్తుంది. ఒకదానికొకటి జతకాని రెండు క్షారాలు కలిస్తే ఎప్పుడూ సగమే.

బంధాల దగ్గర చాలామంది తప్పేది వేరే చోట. 1000 జతలంటే 2000 క్షారాలు. 18 శాతాన్ని 2000 మీద కట్టాలి, 1000 మీద కాదు. సైటోసిన్లు 360 వస్తాయి, గ్వానిన్-సైటోసిన్ (జీ-సీ) జతలూ అన్నే. గ్వానిన్లను మళ్లీ కలిపి 720 జతలనకండి, అవి ఆ జతల్లోనే ఉన్నాయి. మిగిలిన 640 అడినిన్-థైమిన్ (ఏ-టీ) జతలు. జీ-సీకి మూడు బంధాలు, ఏ-టీకి రెండు. 1080, 1280 కలిపి 2360. సరిచూసుకోవడం తేలికే: ప్రతి జతకీ రెండేసి చొప్పున 2000, జీ-సీ జతలకు అదనంగా ఒక్కోటి, 360.

ప్రశ్న: ఒక పోచలో ఏ 24, టీ 30, జీ 28, సీ 18 శాతం అని ఇచ్చారు. ఛార్గాఫ్ నియమం తప్పినట్టేనా?
– డిగ్రీ విద్యార్థి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: తప్పలేదు. ఏ, టీ సమానం, జీ, సీ సమానం అనే ఆ నియమం రెండు పోచలనూ కలిపి చూసినప్పటిది. ఎదురు పోచలో ఏ 30, టీ 24, జీ 18, సీ 28 ఉంటాయి. సగటు తీయండి: ఏ, టీ చెరో 27, జీ, సీ చెరో 23.

ఒంటిపోచ డీఎన్‌ఏ ఉన్న ఫై ఎక్స్ 174 అనే బాక్టీరియోఫాజ్‌లో (బాక్టీరియాకు సోకే వైరస్) అడినిన్ సుమారు 24 శాతం, థైమిన్ సుమారు 31. ఎదురు పోచే లేనప్పుడు సమానం కావాలని ఏముంది? బాక్టీరియాలోకి దూరాక దానికి రెండో పోచ తయారవుతుంది, అప్పుడు మాత్రం నియమం వర్తిస్తుంది. అందుకే అంకెలు ముట్టుకునే ముందు అది ఒంటిపోచా, జంటపోచా అని ప్రశ్నలో చూసుకోండి. థైమిన్ బదులు యురాసిల్ కనిపిస్తే అది ఆర్‌ఎన్‌ఏ. మామూలుగా ఒంటిపోచే కాబట్టి 50లోంచి తీసే కిటుకు అక్కడ వాడకండి.