రెండు వారాల క్యాంపా, ఇంట్లో ఏడాదిన్నరా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంకో ఏడాదిన్నరలో కాలేజీ, హాస్టల్. చదువులో చురుకే గానీ నాలుగుసార్లు పిలిస్తే గానీ నిద్ర లేవడు, దుప్పటి కూడా మడవడు. సెలవుల్లో రెండు వారాల లైఫ్ స్కిల్స్ క్యాంపులో చేర్పించమంటారా, ఇంట్లోనే నేర్పించడం నయమా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది క్యాంపు గురించే అయినా అసలు భయం వేరు. ‘నేను పక్కన లేకపోతే వీడేమైపోతాడో’ అన్నదే కదా! ముందు దానికి జవాబు చెబుతాను. ఏమీ అయిపోడు. ఈ వయసులో దుప్పటి మడవని పిల్లలు కోకొల్లలు. అది చేతకాక కాదు, ఇంతవరకూ ఆ అవసరం రాక. ఏడాదిన్నర అంటే బోలెడు సమయం. మీరేమీ ఆలస్యం చెయ్యలేదు.

క్యాంపుల మోజు ఈమధ్య బాగా పెరిగింది. నాకు మాత్రం వీటి మీద గురి తక్కువ. అక్కడ పొద్దున్నే బెల్లు కొడతారు, అందరితో పాటు లేస్తాడు. బట్టలు ఉతకమంటారు, పదిమందితో కలిసి ఉతుకుతాడు. ఎప్పుడేం చెయ్యాలో టైమ్‌టేబుల్ చెబుతుంది. అంటే మీ స్థానంలోకి ఇంకొకరు వచ్చారు, అంతే. హాస్టల్లో పిల్లలు తడబడేది పని రాక కాదు, ఎవరూ గుర్తుచెయ్యని చోట ఆ పని గుర్తురాక. దాన్ని క్యాంపు నేర్పలేదు. పైగా అలవాటు పడటానికి చాలా రోజులు పడుతుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అదీ మంచినీళ్లు తాగడం, పండు తినడం లాంటి పనులకి! ఇక రెండు వారాలు ఏ మూలకి? కొత్త స్నేహాల కోసం, సరదా కోసం అయితే పంపండి. అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీవాడు లేవకపోవడంలో సగం పాత్ర మీది. నాలుగో పిలుపు వస్తుందని తెలిసినవాడు మొదటి పిలుపుకి ఎందుకు లేస్తాడు? తన లెక్కలో అసలు అలారం మీరే.

అందుకే అక్కడే మొదలుపెట్టండి. పరీక్షలు లేని వారం చూసి, ‘సోమవారం నుంచి పిలవను’ అని ముందే చెప్పండి. అలారం మంచానికి అందనంత దూరంలో పెట్టుకోమనండి. యుక్తవయసులో శరీర గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. కావలసిన నిద్రేమో 8 నుంచి 10 గంటలు. కాబట్టి లేచే వేళ కన్నా ముందు పడుకునే వేళ సరిచెయ్యాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వెళతాడు, మాట పడతాడు. పడనివ్వండి. చాలా ఇళ్లలో ఈ ప్రయత్నం బెడిసికొట్టేది సరిగ్గా ఇక్కడే. మూడో రోజు అమ్మ మనసాగక వెళ్లి తట్టి లేపుతుంది. ఇంకొంచెం ఓపిక పడితే చివరికి అమ్మే లేపుతుందని పిల్లాడికి రూఢి అయిపోతుంది.

ఇది కుదుటపడ్డాకే రెండో పని ఎత్తుకోండి. అన్నీ ఒకేసారి మీద వేస్తే అన్నీ వదిలేస్తాడు. చేతిఖర్చు మొదట వారానికోసారి ఇవ్వండి, రెండు మూడు నెలలకి పక్షానికోసారి, ఆ తర్వాత నెలకోసారి. నాలుగో రోజుకే అయిపోతే మిగతా మూడు రోజులు ఓర్చుకోనివ్వండి. మధ్యలో సర్దారంటే లెక్క నేర్చుకోడు, అడగడం నేర్చుకుంటాడు. బట్టల విషయంలో ఉతకడం ఒక్కటే అప్పగిస్తే చాలదు. జేబులు తడమడం, రంగు దిగేవి వేరు చెయ్యడం, వెంటనే ఆరేయడం, మడిచి పెట్టడం అన్నీ తనవే.

అందరూ మరిచిపోయేది ఆరోగ్యం. ఈసారి ఒంట్లో బాగోకపోతే డాక్టర్ అపాయింట్‌మెంట్ తననే తీసుకోమనండి. ఏమైంది, ఎప్పటినుంచి, ఇప్పటికే ఏ మందు వేసుకున్నాడు అనే మూడూ తన నోటితోనే చెప్పాలి. మీరు పక్కన కూర్చోండి గానీ అందుకోకండి. స్ట్రిప్ మీద మందు పేరు చదవడం నేర్పండి. జ్వరం మాత్రలోనూ జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ ఉండొచ్చు. తెలియక రెండూ వేసుకుంటే మోతాదు మించి కాలేయానికి ముప్పు. గదిలో ఒంటరిగా జ్వరంతో ఉన్న పిల్లలు చేసే పొరపాటు ఇదే.

ఫారాలు తనే నింపాలి, మీరు తప్పులు మాత్రం చూపించండి, దిద్దకండి.

హాస్టల్‌కి వెళ్లాక మొదటి కొన్ని వారాలు బెంగ సహజం. ఫోన్ చేసి ఏడిస్తే వెంటనే బండెక్కకండి. ‘వినమంటావా, ఏమైనా చెయ్యమంటావా?’ అని అడగండి. చాలాసార్లు వినడమే కావాలి. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, క్లాసులకి వెళ్లడం మానేసినా ఆలస్యం చెయ్యకుండా వెళ్లి చూడండి, కౌన్సెలర్‌కో డాక్టర్‌కో చూపించండి. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా సరే, ఆ రోజే వెళ్లండి, మీరు చేరేదాకా వార్డెన్‌కి చెప్పి ఎవరినైనా తోడుంచండి.

మొదటి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మాసిన బట్టల సంచి మీరు విప్పకండి.