వైజాగ్‌లో ఎక్కడ దిగాలో చెప్తాను గానీ, మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారు?

హైదరాబాద్ నుంచి అమ్మానాన్నల్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మూడు రోజులకి వస్తున్నామన్నారు. హోటల్ ఖర్చుకి వెనకాడమనీ, ఊరివాళ్ళు వెళ్ళే చోట్లు కావాలనీ అడిగారు. నేను పెదవాల్తేరులో పెరిగాను, పెళ్ళయ్యాక లాసన్స్ బే కాలనీలో ఉంటున్నాను. ఏడాదికి నాలుగైదుసార్లు చుట్టాలకి ఊరు చూపించే డ్యూటీ నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మా సముద్రం తూర్పున ఉంది. వైజాగ్ చూడాలంటే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. మే నెలలో అయితే ఐదున్నరకి ముందే సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. మీరు తొమ్మిదింటికి టిఫిన్ చేసి, పదింటికి కారెక్కి, పదకొండింటికి ఆర్కే బీచ్‌లో దిగితే కనిపించేది ఎండ, ఉక్క, కాలే ఇసుక. సాయంత్రం వెళ్తే జనం. పొద్దున బీచ్ రోడ్డు మీద కొంతసేపు బళ్ళు ఆపేస్తారు. ఆ వేళకి రోడ్డంతా నడిచేవాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, బెంచీల మీద కూర్చుని లోకం గురించి తీర్పులిచ్చే రిటైరైన పెద్దమనుషులు. మీ నాన్నగారికి అక్కడ పది నిమిషాల్లో స్నేహితులు దొరుకుతారు, నాదీ హామీ.

అందుకే బీచ్‌కి నడిచి వెళ్ళగలిగే చోటే దిగండి. నాకు నచ్చేది పార్క్ హోటల్. పాతది, ఎత్తు తక్కువ, చుట్టూ పచ్చిక. తోటలోంచే ఇసుకలోకి దిగిపోవచ్చు. కొత్త హోటళ్ళ తళతళ లేదని మా ఆవిడ వంకలు పెడుతుంది గానీ, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ నిశ్శబ్దం ముందు తళతళ ఏపాటిది? తళతళే కావాలంటే ఆర్కే బీచ్ ఎదురుగా నొవోటెల్ ఉంది. పిల్లలు స్విమ్మింగ్ పూల్ వదలకపోతే రుషికొండ వైపు రాడిసన్ బ్లూ బాగుంటుంది. కాకపోతే అది ఊరికి దూరం, అక్కడ దిగితే ఊరు చూడరు, రిసార్టే చూస్తారు. రైలు దిగగానే దగ్గర్లో చాలనుకుంటే డాబా గార్డెన్స్‌లో డాల్ఫిన్, మా ఊళ్ళో మూడు తరాలకి తెలిసిన హోటల్.

ఒక్క జాగ్రత్త. "సీ వ్యూ" అన్న మాట చూసి డబ్బు కట్టేయకండి. మా పిన్ని వాళ్ళకి ఒకసారి ఒక హోటల్లో సీ వ్యూ రూమ్ బుక్ చేశాను, పేరెందుకులెండి. బాల్కనీ మూలకి వెళ్ళి, ఏసీ డబ్బా మీదుగా వంగితే రెండు భవనాల మధ్య నీలంగా ఒక చీలిక కనపడింది. "సముద్రం కనిపిస్తోంది గానీ మెడ పట్టేసిందిరా" అన్నారు బాబాయ్. అది ఇప్పటికీ మా ఇంట్లో సామెత. గదికి నేరుగా ఎదురుగా సముద్రం ఉంటుందా అని ఫోన్ చేసి అడగండి.

ఇక చూసేవి. కుర్సుర సబ్‌మెరైన్ అందరూ చూసేదే, అయినా వదలొద్దు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా ఒడ్డెక్కింది. లోపల నావికులు పడుకున్న బెర్తులు చూశాక మా పెద్దోడు వారం రోజులు తన మంచం గురించి ఫిర్యాదు చేయలేదు. లోపల ఇరుకు, వంగి నడవాలి. మీ నాన్నగారి మోకాళ్ళ సంగతి చూసుకోండి. సోమవారం సెలవు. రోడ్డుకి అవతల మ్యూజియంగా మార్చిన టీయూ-142 నౌకాదళ విమానం ఉంది, అందులో తిరగడం కాస్త తేలిక. కొండ మీద పార్కు కైలాసగిరి ఒకసారికి చాలు. నాకైతే దాని కింద తెన్నేటి పార్కే ఇష్టం.

అసలు మేం ఇష్టంగా వెళ్ళేది భీమిలి రోడ్డు. ఒక పొద్దుటంతా దానికే ఇచ్చేయండి. కారు ఎలాగూ ఉంటుంది గానీ, పిల్లల్ని ఒకవైపైనా 900కె సిటీ బస్సు ఎక్కించండి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోవాలి. దారిలో తొట్లకొండ. నౌకాదళం వాళ్ళు తమ అవసరం కోసం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ ఆరామం అది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే కొండకి ఆ పేరు. స్తూపం కట్టడం 2019 వానలకి కొంత కూలింది కూడా. శిథిలాల మధ్య నిలబడి కిందికి చూస్తే, భిక్షువులు స్థలం ఎంచుకోవడంలో మన రియల్ ఎస్టేట్ వాళ్ళని మించిపోయారనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఎనిమిది దాటితే అక్కడ నిలబడలేరు. మట్టి తవ్వి ఇంటికి తెచ్చుకోవద్దని పిల్లలకి చెప్పండి, గాలీ నీరూ వేల ఏళ్ళు పేర్చిన దిబ్బలవి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ళ సమాధులు చూసి, ఎండ ముదరకముందే వెనక్కి వచ్చేయండి.

రెండో పొద్దున సింహాచలం. అక్కడి నరసింహస్వామిని మేం అప్పన్న అంటాం. ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఆ రోజు మాత్రం పెద్దవాళ్ళతో రావద్దు, క్యూ చూసి మీకే టెన్షన్ వస్తుంది. మూడో పొద్దున మీ ఇష్టం. చేపల కంపు పడుతుందంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. బోట్లు వచ్చే వేళకి కోనాం, చందువా, రొయ్యల బుట్టల చుట్టూ వేలంపాట చూడాలి. కోనాం అంటే మీరు వంజరం అనేదే. ఆ కంపు వద్దనుకుంటే పాతపట్నంలో రాస్ హిల్ ఎక్కండి. పక్కపక్కనే మూడు కొండలు, వాటి మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. కింద కాలువలోంచి ఓడ పోర్టులోకి వస్తుంటే పిల్లలకి చెప్పాల్సిన పని లేకుండా నోళ్ళు మూతపడతాయి.

నీళ్ళ విషయంలో మాత్రం నా మాట వినండి. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోవడం వరకే. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, ఈత వచ్చినవాళ్ళూ పోయిన ఒడ్డు అది. మా బావ మోకాలి లోతులో సెల్ఫీ తీసుకుంటూ ఫోన్, చెప్పులు, కళ్ళజోడు సముద్రుడికి సమర్పించుకున్నాడు. మనిషి దక్కాడు, అదే చాలనుకున్నాం. పిల్లలు దిగాలంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్ళు చూపించిన హద్దులోపలే.

అరకు ఈసారికి వదిలేయండి. ఒక్కరోజులో పోయిరావడమంటే కొండలు కాదు, కారు సీటే చూస్తారు. రైల్లో వెళ్ళి, ఒక రాత్రి అక్కడ పడుకునేలా మళ్ళీ రండి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా భోంచేసి పడుకోండి, మేమూ అదే చేస్తాం. ఎండ తగ్గాక బీచ్ రోడ్డు మీద నిమ్మకాయ పిండిన మురీ (మరమరాల) మిక్స్చర్, నిప్పుల మీద కాల్చిన జొన్నపొత్తు తినండి. వెళ్ళేటప్పుడు మాడుగుల హల్వా కొనుక్కోండి. అర కిలో చాలనుకుంటారు, రైలు అనకాపల్లి దాటేలోపు అయిపోతుంది. కిలో తీసుకోండి.