జులై ఒకటిన బాధ్యత స్వీకరించబోతున్న క్లబ్బు అధ్యక్షునికి

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే జులై ఒకటో తేదీ నుంచి మన రోటరీ క్లబ్బు అధ్యక్ష బాధ్యత నీ చేతికి వస్తోందని తెలిసి మనస్ఫూర్తిగా సంతోషించాను. నీ ఏడాదిలో ఏయే కొత్త కార్యక్రమాలు చేపడితే బాగుంటుందో రాసి పంపమని అడిగావు. ఎందరో అధ్యక్షుల సంవత్సరాలను దగ్గరగా చూసినవాడిగా నాకు ముఖ్యమని తోచింది రాస్తున్నాను. నీ పదవీకాలం పన్నెండు నెలలే గానీ, ఈ ఊళ్లో మన క్లబ్బు తలకెత్తుకున్న పనులకు జూన్ 30తో గడువు తీరిపోదు. అందుచేత కొత్తవాటి గురించి ఆలోచించే ముందు, నీకు ముందున్నవారు మొదలుపెట్టిన పనులు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో స్వయంగా వెళ్లి చూడు.

ముందుగా బడుల్లో మనం పెట్టించిన మంచినీటి ప్లాంట్ల దగ్గరికి వెళ్లు. శిలాఫలకం మీద పేర్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. కొళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా లేదా అన్నదే చూడవలసిన సంగతి. ఆర్వో ప్లాంటుకు ఫిల్టర్లు తరచుగా మార్చాలి, నీటిని వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, కొన్నేళ్లకోసారి మార్చాలి, కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి. ఈ ఖర్చు ఎవరిదో మొదట్లోనే తేల్చుకోకపోతే, ఉన్న హెడ్మాస్టరు బదిలీ అయిపోయాక కొత్తగా వచ్చినవారికి అది చెడిపోతే ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. ఇకమీదట ఏ బడికి ఏ యంత్రం ఇచ్చినా మూడేళ్ల నిర్వహణ ఖర్చును అంచనాలోనే కలిపి, బాధ్యుడైన సభ్యుడి ఫోన్ నంబరును ఆ యంత్రం మీదే రాయించు. అంత సొమ్ము సమకూరకపోతే రెండు బడులకు బదులు ఒక్క బడికే ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

మన క్లబ్బుకు చుట్టుపక్కల పల్లెల్లో పేరు తెచ్చినవి కంటి శిబిరాలు కాబట్టి వాటి గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఒకప్పుడు బడి గదుల్లోనే బల్లలు వేసి శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. ఇన్ఫెక్షన్ల భయం వల్ల ఆ పద్ధతి పోయి, ఇప్పుడు ఊళ్లో పరీక్షలు మాత్రమే జరిపి, ఆపరేషన్ అవసరమైనవారిని ఆసుపత్రికి తీసుకువెళ్తున్నారు. తేదీ నిర్ణయించేటప్పుడు నాట్లూ కోతలూ ముమ్మరంగా సాగే రోజులను తప్పించు, ఎందుకంటే ఆ రోజుల్లో పెద్దవాళ్లకు తోడు వెళ్లడానికి ఇంట్లో మనిషి దొరకరు. నాలుగైదు రోజుల ముందే ఆశా కార్యకర్తలకు చెప్పి, ఆటోకు మైకు కట్టించి ఊరంతా చెప్పించు. పరీక్షకు వచ్చినవారిలో షుగరు, బీపీ ఎక్కువగా ఉన్నవారిని డాక్టర్లు ఆ రోజుకు వెనక్కి పంపుతారు. మన లెక్కలోంచి జారిపోయేది వాళ్లే. వాళ్ల పేర్లు విడిగా ఒక పుస్తకంలో రాయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు మొదలుపెట్టించి, అదుపులోకి వచ్చాక తరువాతి శిబిరానికి పిలుచుకువచ్చే పనిని ఒక సభ్యుడికి అప్పగించు.

ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చినవారు బస్సు దిగేటప్పుడు నువ్వు అక్కడ తప్పకుండా ఉండాలి. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ముసలమ్మ ఒక చేత్తో మందుల సంచి పట్టుకుని, రెండో చేత్తో బస్సు కమ్మీ కోసం తడుముకుంటూ దిగుతుంది. ఏ చుక్కల మందు ఏ పూట వేయాలో ఆ సంచిలోని కాగితం మీద రాసే ఉంటుంది గానీ ఆవిడకు చదువు రాదు, కోడలు పొలం నుంచి ఇంకా వచ్చి ఉండదు. మన సభ్యుడొకరు ఆ ఇంటి అరుగు మీద పది నిమిషాలు కూర్చుని, తలస్నానం చేయించవద్దనీ, పొయ్యి ఊదనివ్వవద్దనీ, నీళ్ల బిందె ఎత్తనివ్వవద్దనీ ఇంట్లోవాళ్లకు చెప్పాలి. రెండు సీసాలు ఉంటే ఒకదాని మూతకు ఎర్రదారం కట్టి ఇస్తే ఆవిడే గుర్తుపడుతుంది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లవలసిన రోజున బస్సు పంపే ఖర్చును కూడా శిబిరం ఖర్చులోనే చేర్చు.

రక్తదానం విషయంలో నాకున్న ఆవేదనను దాచకుండా చెబుతాను. ఆగస్టు 15న, అక్టోబరు 2న పట్టణంలోని సంఘాలన్నీ శిబిరాలు పెడతాయి. ఎర్ర రక్తకణాలు సుమారు 35 నుంచి 42 రోజుల వరకే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి ఉండవు, కాబట్టి అప్పుడు పోగైన రక్తం వేసవి దాకా ఆగదు. వేసవిలో కాలేజీలకు సెలవులిచ్చి విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా పిల్లల తల్లిదండ్రులు బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. కాబట్టి మన శిబిరాన్ని ఏప్రిల్, మే నెలల్లో పెట్టు. మండే ఎండల్లో ఉదయం ఏడింటికే మొదలుపెట్టు. ఒకసారి రక్తమిచ్చిన మగవారు 90 రోజుల తరువాత, ఆడవారు 120 రోజుల తరువాత మళ్లీ ఇవ్వవచ్చు కనుక, దాతల జాబితాను గ్రూపులవారీగా రాయించి, వ్యవధి పూర్తయినవారికి ఫోన్ చేసి పిలిచే ఏర్పాటు చెయ్యి.

ఇవన్నీ ఏడాదికోసారి మనిషి మారే క్లబ్బుతో సాధ్యమా అని నీకు సందేహం రావచ్చు. పోలియో సంగతి గుర్తుచేసుకో. 1985లో రోటరీ పోలియో నిర్మూలనకు పూనుకుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ఇన్నేళ్లలో ప్రతి క్లబ్బులోనూ ఏటా అధ్యక్షులు మారుతూనే ఉన్నారు. అయినా పల్స్ పోలియో ఆదివారం పొద్దున్నే బూత్ దగ్గర నిలబడి, చుక్కలు వేయించుకున్న పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టే పనిని ఏ కొత్త అధ్యక్షుడూ తన ముందువాడిదని పక్కన పెట్టలేదు.

ఇక స్నేహం గురించి. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ వ్యాపారి కలిసి కూర్చున్నప్పుడు వారికి కావలసింది పెద్ద నగరంలో నాలుగు పలకరింపులు. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో కలుసుకునేవారు కాబట్టి, వంతు తిరగడం అన్న అర్థంలో రోటరీ అన్న పేరు వచ్చింది. ఊరికి పనికివచ్చే మొదటి కార్యక్రమంగా ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించే పనికి ఆ క్లబ్బు పూనుకున్నది ఆ తరువాత రెండేళ్లకు, 1907లో. పొద్దున్నే అయిదింటికి లేచి కంటి శిబిరానికి బల్లలు మోసే మనిషి అధ్యక్షుడి సర్క్యులర్ చూసి రాడు. తోటి సభ్యుడి మీద ఉన్న ఆపేక్షతో వస్తాడు. నెలకు రెండు సమావేశాలు జరిపితే చాలని 2016 నుంచి నిబంధనలు సడలించినా, మన వారపు సమావేశాన్ని మాత్రం వదలవద్దని నా కోరిక.

ఆ సమావేశం చెప్పిన వేళకు మొదలై, చెప్పిన వేళకు ముగియాలి. ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటనివ్వకు. భోజనాల దగ్గర గమనించు: కొత్తగా చేరిన సభ్యుడు ప్లేటు పట్టుకుని గోడవారగా నిలబడి ఉంటాడు, పాతవాళ్లంతా ఒకే బల్ల చుట్టూ చేరి ఉంటారు. మొదటి ఆరు నెలలు అతని పక్కన ఒక సీనియర్ సభ్యుణ్ణి కూర్చోబెట్టి, అతని వృత్తికి తగిన చిన్న పని ఒకటి వెంటనే అప్పగించు. ప్రింటింగ్ ప్రెస్సు ఉన్నవారికి కరపత్రాలు, ట్రాన్స్‌పోర్టు వ్యాపారికి బస్సు ఏర్పాటు అప్పగిస్తే తన అవసరం క్లబ్బుకు ఉందని వారికి అర్థమవుతుంది. స్త్రీలకు సభ్యత్వం 1989లోనే వచ్చినా, చాలాచోట్ల వారిని ఇంకా జ్యోతి ప్రజ్వలనకూ శాలువాలు అందించడానికీ పరిమితం చేస్తున్నారు. నువ్వు శిబిరాల నిర్వహణనే వారి చేతికి ఇవ్వు. సభ్యుల ఇళ్లలో కష్టం వచ్చినప్పుడు, ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కెమెరా లేకుండా వెళ్లి కూర్చుని రా.

డబ్బు విషయం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదనకు తావు లేదు. సభ్యుల చందాల ఖాతా వేరు, ప్రజలు ఇచ్చిన విరాళాల ఖాతా వేరు. రెండోదానిలోంచి ఒక్క రూపాయి కూడా మన భోజనాలకూ బొకేలకూ జ్ఞాపికలకూ వెళ్లకూడదు. ప్రతి నెలా కోశాధికారి చేత జమాఖర్చులు సభలో చదివించు. ప్రమాణ స్వీకారోత్సవానికి ఎంత ఖర్చు చేయాలో మీ బోర్డు నిర్ణయించుకుంటుంది గానీ, అది ఒక కంటి శిబిరం ఖర్చును మించితే నాకు బాధగా ఉంటుంది.

బ్యాంకులో సంతకాలు మార్చడానికి బోర్డు తీర్మానం నకలు, కొత్త కార్యదర్శి, కోశాధికారి గుర్తింపు పత్రాలు అవసరమవుతాయి. ఇది ఆలస్యమైతే ఆగస్టు దాకా ఒక్క చెక్కు కూడా చెల్లదు, జులైలో మన క్లబ్బు రోటరీ అంతర్జాతీయ సంస్థకు కట్టవలసిన అర్ధవార్షిక చందా ఆగిపోతుంది. జూన్ నెలాఖరులోగా ఆ కాగితాలు, వెనక్కి పంపిన కంటి రోగుల పేర్లున్న పుస్తకం, రక్తదాతల జాబితా పట్టుకుని ఒక సాయంత్రం మా ఇంటికి రా. మీ కార్యదర్శిని కూడా వెంటబెట్టుకురా.

ఆశీస్సులతో,
మీ క్లబ్బు పూర్వాధ్యక్షుడు